మిగిలిన అన్నం ఆవులకు పెట్టమనే మెసేజ్‌కు జవాబు

"విందులో మిగిలిన అన్నం పారేయకండి, ఆవులకు పెట్టండి. ఉడికింది కాబట్టి తేలిగ్గా అరుగుతుంది, పాలు పెరుగుతాయి, అరక్కపోతే వంటసోడా తాగిస్తే సరి" అనే మెసేజ్ పాడి రైతుల గ్రూపుల్లో తిరుగుతోంది. పంపేవాళ్ల మనసు మంచిదే. మాటలు మాత్రం పశువుల ప్రాణం తీసేవి.

తేలిగ్గా అరుగుతుందట. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆవు తిన్న గడ్డిని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు నిదానంగా పులియబెడతాయి. పీచును అరిగించే బ్యాక్టీరియాకు అక్కడ పీహెచ్ (పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు) 6 నుంచి 7 దాకా ఉండాలి. నెమరు వేస్తున్నప్పుడు ఊరే లాలాజలం, పెద్ద ఆవుకైతే రోజుకు 100 లీటర్ల పైనే, పులియడంవల్ల వచ్చే పులుపును విరిచేస్తుంటుంది. అన్నానికి నమలడమూ నెమరూ పెద్దగా అక్కర్లేదు కాబట్టి లాలాజలం అంతగా ఊరదు. మెత్తబడిన పిండి గంటల్లోనే పులుస్తుంది. స్ట్రెప్టోకాకస్ బోవిస్ అనే బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. పీహెచ్ 5 కిందికి జారేసరికి పీచు అరిగించే బ్యాక్టీరియా, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు చచ్చిపోతాయి. పులుపుకు తట్టుకునే లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా మాత్రం ఇంకా ఆమ్లం చేస్తూనే ఉంటుంది. అప్పుడు ఒంట్లో నీరు పొట్టలోకి చేరి కళ్లు లోతుకు పోతాయి. పశువు మేత మాని పళ్లు కొరుకుతుంది, పుల్లటి వాసనతో పారుకుంటుంది, తూలి పడిపోతుంది. కొన్ని ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. బతికినవాటికీ గిట్టల జబ్బు, కాలేయంలో చీముగడ్డలు రావచ్చు.

పాలు పెరుగుతాయన్నదీ నిలవదు. పీచు పులిసినప్పుడు వచ్చే ఎసిటిక్ ఆమ్లమే వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు. గడ్డి తగ్గి పిండి పెరిగితే వెన్న శాతం పడిపోతుంది, పాల కేంద్రంలో రేటూ పడిపోతుంది.

ఇక సోడా. దాణా ఎక్కువ తినే పాడిపశువుకు రోజూ 100-150 గ్రాములు దాణాలో కలపడం మంచిదే. తట్టెడు అన్నం తిన్న పశువుకు గుప్పెడు సోడా ఏ మూలకూ రాదు. నాలుక లాగి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే అన్నం, దాణా ఆపి ఎండుగడ్డి వేయండి. నీళ్లు తొట్టెడు కాకుండా కొద్దికొద్దిగా పెట్టండి. లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. డాక్టరు నరానికి సెలైన్ పెడతారు, విటమిన్ బీ1 ఇంజక్షన్ ఇస్తారు, అవసరమైతే పొట్ట కడుగుతారు. ఆపై ఆరోగ్యమైన పశువు పెద్ద పొట్ట రసం 8-10 లీటర్లు ఎక్కించి సూక్ష్మజీవులను తిరిగి నిలబెడతారు.

నూకలైనా, దాణా అయినా కొత్తగా మొదలుపెడితే 2-3 వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి. విందులో మిగిలిన అన్నాన్ని గోబర్ గ్యాస్ ప్లాంటుకు, అదీ పేడతో కలిపి రోజుకు కొంచెం చొప్పున వేయండి. ఒకేసారి కుమ్మరిస్తే అక్కడా పులిసి గ్యాస్ ఆగిపోతుంది.