సవరణ: కప్ప చర్మం నుంచి వచ్చిన మందు

కప్ప చర్మంలో ఉండే, సూక్ష్మజీవులను చంపే మెగైనిన్‌తో చేసిన మందు షుగర్ పుండ్లకు వాడుకలో ఉందని మొన్న రాశాను. అది తప్పు. మెగైనిన్‌ను కాస్త మార్చి చేసిన పెక్సిగనాన్ అనే పూతమందుకు 1999లో అమెరికా మందుల అనుమతి సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు. నా మాట నమ్మి మందుల షాపులో అడిగినవాళ్లుంటే క్షమించండి. షుగర్ ఉన్నవాళ్లు కాలి పుండును వెంటనే డాక్టరుకు చూపించాలి.

కప్పల సంగతి మాత్రం నిజమే. ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, సూక్ష్మజీవులున్న తొట్టి నీళ్లలో వదిలేసినా వాటి గాయాలు చీము పట్టకుండా మానడం చూసి, అమెరికా శాస్త్రవేత్త మైకేల్ జాస్లాఫ్ మెగైనిన్‌ను వెతికి పట్టుకుని, 1987లో ప్రకటించారు. 23 అమైనో ఆమ్లాల గొలుసు ఇది. దీనికి ప్లస్ చార్జి, బ్యాక్టీరియా పొరకు మైనస్. అతుక్కుని ఆ పొరకు తూట్లు పొడుస్తుంది.

ఇంకొకటి, బ్యాక్టీరియా దీనికి ఎన్నటికీ అలవాటు పడదన్నాను. పడగలదు. ఆ వాక్యం తీసేశాను.