ఇంటిపేరుతో వెతికితే దొరకరు

పూర్వీకుల రికార్డులు వెతకడానికి ‘ఇంటిపేరు, ఊరు తెలిస్తే చాలు’ అని ఒక వ్యాసంలో అన్నారు. స్కాట్లాండ్ ఈశాన్య తీరంలోని బకీ, పోర్ట్‌నాకీ, ఫిండాక్టీ లాంటి జాలరి ఊళ్లలో అది పనిచేయదు. ఊరిలో సగం మంది స్మిత్, కౌవీ, ఫ్లెట్, మెయిర్‌లే. పైగా మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండో కొడుక్కి అమ్మ తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ. కాబట్టి అన్నదమ్ముల మొదటి కొడుకులందరూ ఒకే పేరుతో, దాదాపు ఒకే వయసులో తేలతారు.

అందుకే అక్కడ ‘టీ నేమ్’ పుట్టింది (తాగే టీ కాదు!). అది కుటుంబానికి అంటుకున్న మారుపేరు. రిజిస్టర్లలో, జనాభా లెక్కల్లో చాలాసార్లు ఇంటిపేరు పక్కనే రాసి ఉంటుంది. సూచికలో కనిపించకపోవచ్చు, అసలు పేజీ బొమ్మ తెరిచి చూడాల్సిందే.

స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డులుండే స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో ముందు మరణ పత్రం తీయండి. 1855 నుంచి అందులో తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటుంది. కాకపోతే ఆ వివరాలు చెప్పేది బతికున్నవాళ్లు, తప్పులుంటాయి. అసలు తేల్చేది జనన పత్రమే. 1855లో, మళ్లీ 1861 నుంచి, అందులో తల్లిదండ్రుల పెళ్లి తేదీ, చోటు రాశారు. ఒకే పేర్లున్న రెండు జంటలను విడదీసేది ఆ తేదీయే. 1856–60 మధ్య అది లేదు, అక్కడే చాలామంది పక్కింటివాళ్ల వంశవృక్షం ఎక్కేస్తారు.

జనాభా లెక్కల్లో మగవాళ్లు ఇంట్లో లేకపోతే చనిపోయారనుకోకండి. పడవల మీద ఉన్నవాళ్లకు వేరే పట్టీ ఉంటుంది. 1843లో స్కాట్లాండ్ చర్చి చీలి ఫ్రీ చర్చి ఏర్పడింది; ఆ తర్వాతి బాప్తిస్మం పాత చర్చి పారిష్ రిజిస్టర్‌లో లేకపోతే ఫ్రీ చర్చి రికార్డులు చూడండి.