అగ్రిమెంటులో ‘కేసులు లేవు’ అన్న ఒక్క లైను మిమ్మల్ని కాపాడదు

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫ్లాట్లు కొనేవాళ్లకు సలహాలంటూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయండి, నిల్ (ఏమీ లేదని) వస్తే దావా లేనట్టే. ‘ఈ ఆస్తిపై ఏ కోర్టులోనూ కేసులు లేవు’ అని అగ్రిమెంటులో రాయించుకోండి. కేసు ఉన్నా స్టే లేకపోతే ధైర్యంగా కొనండి. తర్వాత ఏమొచ్చినా అమ్మినవాళ్లే చూసుకోవాలి. ఇద్దరూ కోర్టుకు వెళ్లకూడదని కూడా రాసుకుంటే ఇక ఏ టెన్షనూ ఉండదు.

నేను ఇక్కడ సివిల్ కేసులు చూసే లాయర్ని. మా పిన్ని కొడుకు ఇదే మెసేజ్ నాకు పంపి, “అక్కా, ఇవన్నీ మా అగ్రిమెంటులో ఉన్నాయి, అడ్వాన్సు ఇచ్చేయనా?” అని అడిగాడు. వద్దని ఆపాను. ఎందుకు ఆపానో వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈసీ సంగతి. అందులో కనిపించేది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన దస్తావేజుల వివరాలు. కోర్టులో ఎవరో దావా వేస్తే అది దానంతటదే ఈసీలోకి ఎక్కదు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో పెండింగ్ దావాకు నోటీసు రిజిస్టర్ చేసే పద్ధతి ఉంది. అలాంటిది దేశమంతా ఉంటే బాగుంటుందని సుప్రీంకోర్టు 2010లో, టి.జి. అశోక్ కుమార్ కేసులో సూచించింది కూడా. కర్ణాటకలో ఆ పద్ధతి లేదు కాబట్టి ఇక్కడ నిల్ ఈసీని చూసి దావా లేదనుకోవడానికి వీల్లేదు.

మరి దావా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఈకోర్ట్స్ సైట్లో పార్టీ పేరు కొట్టి వెతకాలి. సర్వే నంబరు కొడితే రాదు. ఇక్కడి పాత భూ యజమానుల పేర్లు ఇంగ్లిష్‌లో ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటాయి. మునిశామప్ప, మునిస్వామప్ప, మునిసామప్ప: ముగ్గురూ ఒకరే కావచ్చు. అందుకే మూడు రకాలుగానూ వెతకాలి. ఆ తర్వాత పిల్లల పేర్లు, ముఖ్యంగా కూతుళ్ల పేర్లు. కర్ణాటకలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా 1994 సవరణతో వచ్చింది, మన ఆంధ్రలో అంతకు ముందే 1986 చట్టంతో వచ్చింది. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి అమ్మిన పొలాలపై అక్కచెల్లెళ్లు వేసిన పార్టీషన్ (ఆస్తి పంపకం) దావాలు ఇక్కడ సర్వసాధారణం. వాళ్లు అడిగేది న్యాయమైన హక్కు. మోసపోతున్నది వాళ్లూ, కొనేవాళ్లూ కూడా.

ఇక ‘కేసులు లేవు’ అన్న లైను. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మా వాడి డ్రాఫ్టులో ఆ క్లాజు ఇలా ఉంది: ‘అమ్మకందారుకు తెలిసినంతవరకు ఈ ఆస్తిపై ఏ కోర్టులోనూ దావా పెండింగులో లేదు.’ ‘తెలిసినంతవరకు’ అన్న మాట కింద వాడి చేతే పెన్సిల్‌తో గీత గీయించాను. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 52వ సెక్షన్ ప్రకారం దావా కోర్టులో వేసిన రోజు నుంచే పెండింగులో ఉన్నట్టు లెక్క. సమన్లు అందిన రోజు నుంచి కాదు. సమన్లు ఇంకా చేరని అమ్మకందారు ‘నాకు తెలియదు’ అని నిజాయితీగానే సంతకం పెట్టొచ్చు. అప్పటికే చట్టం దృష్టిలో దావా మొదలైపోయి ఉంటుంది. ఆ సందులో పడేది కొనేవాడు.

‘కోర్టు’ అన్న మాట కూడా చాలదు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం మంజూరు చేసిన భూములను తిరిగి వాళ్లకు ఇప్పించే 1978 నాటి పీటీసీఎల్ చట్టం కింద విచారణ అసిస్టెంట్ కమిషనర్ దగ్గర నడుస్తుంది. ఇవి కాక రెరా (బిల్డర్లను నియంత్రించే రియల్ ఎస్టేట్ సంస్థ) దగ్గర ఫిర్యాదు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు), ట్రిబ్యునల్ ఉన్నాయి. వాటి పేర్లు రాయకపోతే, అవి ‘కోర్టు’ కిందికి రావని రేపు వాదిస్తారు. ‘కేసు కొట్టేశారు’ అన్నా అప్పుడే నమ్మకండి. సివిల్ కోర్టు డిక్రీ మీద హైకోర్టుకు అప్పీలు చేయడానికి 90 రోజుల గడువుంది.

స్టే లేకపోతే కొనొచ్చా? కొనొచ్చు, ఆ అమ్మకం చెల్లకుండా పోదు. కానీ 52వ సెక్షన్‌కు స్టేతో పని లేదు. దావాలో వచ్చే తీర్పు మీ మీద కూడా పడుతుంది, కేసు సంగతి మీకు తెలియకపోయినా సరే. సుప్రీంకోర్టు 2008లో గురుస్వామి నాడార్ కేసులో ఇదే చెప్పింది. మిమ్మల్ని కూడా పార్టీగా చేర్చమని కోర్టును అడగవచ్చు, అంతే.

అమ్మినవాళ్లే చూసుకుంటారన్నది ఇండెమ్నిటీ క్లాజు (నష్టం వస్తే భరిస్తామన్న షరతు) మీద నమ్మకం. ఆ క్లాజు ఫ్లాటును నిలబెట్టదు, డబ్బు అడిగే హక్కు మాత్రమే ఇస్తుంది. ఆ డబ్బు కోసం మళ్లీ మీరే దావా వేయాలి. బిల్డర్ దగ్గర కొంటే కొంత నయం. స్థలం టైటిల్లో లోపం వల్ల నష్టపోతే రెరా చట్టం 18వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు, దానికి కాలపరిమితి కూడా అడ్డు రాదు. రీసేల్‌లో మామూలు మనిషి దగ్గర కొంటే ఆ అండ ఉండదు. బాకీ సొమ్ములో కొంత భాగం మీ చేతిలో ఉంచుకోవడమే గట్టి హామీ.

కోర్టుకే వెళ్లకూడదన్న షరతు కాంట్రాక్ట్ చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకోవచ్చు, కానీ అది మీ ఇద్దరి మధ్యే. మునిశామప్పగారి కూతురు అందులో సంతకం పెట్టలేదు కదా.

మా వాడి క్లాజును ఇలా మార్చి పంపాం: ‘తెలిసినంతవరకు’ తీసేశాం. కోర్టు, ట్రిబ్యునల్, రెవెన్యూ అధికారి, ఆర్బిట్రేటర్, రెరా, అప్పీళ్లు అన్నీ చేర్చాం. అందిన లీగల్ నోటీసులు కూడా చెప్పాలన్నాం. ఈ మాట అగ్రిమెంటు రోజునే కాక రిజిస్ట్రేషన్ రోజున కూడా నిజమై ఉండాలని రాశాం. చివర ఒక షెడ్యూలు పెట్టి, ఉన్న కేసుల నంబర్లు రాయండి, లేకపోతే ‘లేవు’ అని రాసి సంతకం పెట్టండి అన్నాం.

వారం తర్వాత అవతలి లాయర్ దగ్గర్నుంచి డ్రాఫ్టు తిరిగొచ్చింది. షెడ్యూల్లో రెండు ఓఎస్ (సివిల్ దావా) నంబర్లు ఉన్నాయి. మా వాడు అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఆ రెండు దావాల ప్లెయింట్ (దావా వేసినవాళ్ల అర్జీ) కాపీలు తెప్పించుకుని చదువుతున్నాం.