ఈశాన్యంలో గ్రహశకలం

ఓడిపోయిన మనిషి ఊరికే ఉండొచ్చు. కాళ్ళు కడుక్కుని, ఇంత పెరుగన్నం తిని పడుకోవచ్చు. ఏ చట్టమూ అడ్డురాదు. కానీ ఈమధ్య ఓడినవాళ్ళందరికీ పాఠాలు నేర్చుకునే జబ్బు పట్టుకుంది. నేర్చుకుంటే నేర్చుకున్నారు, వాటిని డీటీపీ చేయించి, స్పైరల్ బైండింగు వేయించి ఇంటింటికీ పంచడమేమిటండీ?

నా చేతికొచ్చిన తాజా ప్రతి పేరు ‘ఓటమి నేర్పిన పదకొండు పాఠాలు’. ఓడింది ఎన్నికల్లో కాదు. బల్లమీద జరిగిన అంతరిక్ష యుద్ధంలో.

అమలాపురంలో మా పక్కవీధి పెద్దమనుషులు పోలీసుల పుణ్యమా అని పేకాట మానేసి, స్టార్ వార్స్ సినిమాల్లోని ఓడల బొమ్మలతో ఆడే ఎక్స్-వింగ్ అనే ఆట పట్టారు. 2012లో వచ్చిన పాత ఎడిషన్; ఎవరి అల్లుడో డల్లాస్ నుంచి తెచ్చాడు. మూడడుగుల చదరం, దాని మీద అరచేతిలో ఇమిడే ఓడలు, ఆరు అట్టముక్క గ్రహశకలాలు, 8 ముఖాల పాచికలు. ఏ ఓడ ఎటు కదలాలో డయల్ మీద తిప్పి బోర్లించి పెట్టాలి, అందరూ పెట్టాకే తిరగెయ్యాలి. జట్టుకి 100 పాయింట్లు. వాటితోనే ఓడలు కొనుక్కోవాలి.

భీమవరం జట్టు ఒక్కోటి 12 పాయింట్లు పెట్టి 8 టై ఫైటర్లు కొంది. మనవాళ్ళు 21 పాయింట్ల ఎక్స్-వింగులు 4 కొని, మిగిలినదంతా అప్‌గ్రేడ్ కార్డులకి తగలేశారు. మనిషికో ఓడ. మన ఓడ కాల్చేటప్పుడు 3 పాచికలు, వాళ్ళది 2. మనది కూలాలంటే 5 దెబ్బలు తగలాలి, వాళ్ళది 3తోనే కూలుతుంది. పైలెట్ నైపుణ్యం మనది 2, వాళ్ళది 1. అంటే ప్రతి రౌండులో ముందు కాల్చే హక్కు కూడా మనదే. ఇన్ని ఉండి కూడా నాలుగూ పోయాయి. అవతల ఒక్కటి పోలేదు. ఒకదాని రెక్క మీద గీత పడింది, అదీ కాఫీ గ్లాసు తగిలి.

ఇక పాఠాలు. పాచికలు శనివారం కొన్నవట, అది మొదటిది. ఫ్యాను గాలికి డ్యామేజీ కార్డులు ఎగిరిపోయి మానసిక స్థైర్యం దెబ్బతిందట. తాపేశ్వరం మడతకాజా తిన్న వేళ్ళతో పట్టుకుంటే డయల్ పాకానికి అతుక్కుపోయి, కుడికి తిరగాల్సిన ఓడ తిన్నగా వెళ్ళి బండరాయికి గుద్దుకుందట. ఈ పాఠంలో మాత్రం నిజం ఉంది. ఆ డయల్ నేను చూశాను, ఇప్పటికీ చీమలు పడుతున్నాయి.

నాలుగో పాఠం వాస్తు. దీనికోసం మన జట్టు సారథి గారి మేడమీద సమీక్షా సమావేశం పెట్టి సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన బల్ల చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, కళ్ళజోడు సర్దుకుని అడిగారు:

“సింహద్వారం ఎటండీ?”

“దీనికి ద్వారం ఉండదండి. అంతరిక్షమండి ఇది.”

“ద్వారం లేకుండా వాళ్ళు లోపలికి ఎలా వచ్చారండీ మరి?”

సభలో ఎవరి దగ్గరా జవాబు లేదు. భీమవరం ఓడలు ఎక్కిన అంచే సింహద్వారమని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఫోన్లో దిక్సూచి తెరిచారు. సిద్ధాంతి గారి చూపుడువేలు బల్లంతా తిరిగి తిరిగి ఒక మూల ఆగింది.

“ఈశాన్యంలో ఇంత బరువు పెట్టారేంటండీ!”

ఆ బరువు గ్రహశకలం. పోస్టుకార్డు ముక్కంత అట్ట. సారథి గారు నెత్తి కొట్టుకుని, “ఆయ్, నాకప్పుడే అనుమానం వచ్చిందండి” అన్నారు. వెంటనే దాన్ని ఈశాన్యం నుంచి పెకలించి నైరుతిలో ప్రతిష్ఠించారు. అంతటితో ఆగితే బాగుండును. అగ్ని ఆగ్నేయంలో ఉండాలి కాబట్టి ఓడల ఇంజన్లు ఆగ్నేయంవైపే మండాలన్నారు. వెనకాల ఇంజను ఆగ్నేయాన మండితే ముక్కు వాయవ్యానికి ఉంటుంది. అంటే మన నౌకాదళం ఇక ఎప్పుడూ వాయవ్యానికే ఎగరాలి. శత్రువు తూర్పునుంచి వస్తేనో అని ఒకాయన సందేహం వెలిబుచ్చారు.

“శాంతి చేయిస్తే సరిపోద్దండి. ఖర్చు రాసిస్తాను.”

రాసిచ్చారు కూడా. అనుబంధంలో ఉంది.

పదకొండు పాఠాల్లోనూ కనపడనిది ఒక్కటే, లెక్క. 1916లో లాంచెస్టర్ అనే ఇంగ్లండు ఇంజనీరు, కార్లు తయారుచేసినాయన, విమాన యుద్ధాల గురించి ఒక సూత్రం చెప్పాడు. దూరం నుంచి కాల్చుకునే పోరులో బలం సంఖ్యను బట్టి కాదు, సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 8కి వర్గం 64, 4కి 16. మన ఒక్కో ఓడ వాళ్ళదానికి నాలుగింతలు గట్టిదైతేనే సరిసమానం. ఎక్స్-వింగు గట్టిదే గానీ అంత లేదు. పోనీ నాలుగూ కలిసి ఒక్కోదాన్నీ కొట్టుకుంటూ పోయినా కొంత పరువు దక్కేది. సారథి గారు చుట్టుముడదామని నాలుగింటినీ నాలుగు మూలలకి పంపారు. ఎనిమిదీ కట్టగట్టుకుని వచ్చి ఒక మూల ముగించుకుని రెండో మూలకి వెళ్ళాయి. 64కి 1, నాలుగుసార్లు.

మిగిలిన ఓడలు ఈలోగా సాయం చెయ్యలేదా అంటే చేశాయి, ఆఖరి రేంజి నుంచి. కాల్చేవాడు వేసే ఎర్ర పాచికలో సగం ముఖాలు దెబ్బలు. మూడేస్తే సగటున ఒకటిన్నర. ఆ దూరాన టై ఫైటరుకి దెబ్బ తప్పించుకునే ఆకుపచ్చ పాచిక ఒకటి అదనం, మొత్తం నాలుగు. ఒక్కోదాంట్లో 8కి 3 ముఖాలు తప్పించుకునేవి. సగటున అదీ ఒకటిన్నరే. అంటే మనవాళ్ళు ఆ మధ్యాహ్నమంతా దీపావళి చేసుకున్నారన్నమాట.

ఇదంతా ఆటకి ముందే చెప్పినవాడు ఒకడున్నాడు. ఇంటర్ చదివే కుర్రాడు, నాలుగో ఓడ వాడిదే. “బాబాయ్ గారూ, నాలుగూ ఒకేచోట ఉందామండి, ఒకదాన్నే కొడదామండి” అన్నాడు. “నువ్వు డయల్ తిప్పరా చాలు” అన్నారు సారథి గారు. తిప్పాడు. పంపిన మూలకే వెళ్ళాడు. చివరిదాకా నిలబడింది వాడి ఓడే.

పదకొండో పాఠం: ‘అనుభవం లేని పిల్లలను జట్టులో చేర్చుకోరాదు.’

సిగ్గుండాలి. చెప్పినవాడి నోరు ముందు నొక్కి, మునిగాక వాడి మీదే నేరం రాస్తారా? ఈ డెల్టాలో ఇది మాకు అలవాటైన దౌర్భాగ్యమే. డ్రెయిను నిండా గుర్రపుడెక్క పేరుకుందనీ, పూడిక తియ్యకపోతే నీరు దిగదనీ గట్టుమీద కాలవలు చూసుకునే లస్కరు ఎండాకాలంలోనే మొత్తుకుంటాడు. వినరు. వానలకి చేలు నడుంలోతు మునుగుతాయి. అప్పుడు ఏసీ గదిలో సమీక్ష, సముద్రం పోటు మీదుందని పాఠం, లస్కరుకి మెమో. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతు విసిగిపోయి క్రాప్ హాలిడే అని నాట్లే మానేస్తే, దానికీ కమిటీ, దానికీ నివేదిక. డ్రెయిను మాత్రం అలాగే ఉంది. కారణం తెలియక కాదు. తెలిసినవాడు చిన్నవాడు, అదీ వాడు చేసిన నేరం!

కుర్రాడు వచ్చే ఆదివారం నుంచి భీమవరం తరఫున ఆడుతున్నాడట. వాళ్ళు బస్సు చార్జీ ఇచ్చి మరీ పిలిచారు. సంగతి తెలిసి సారథి గారు స్పైరల్ బైండింగు విప్పించారు. ‘నేటి యువతలో విధేయత లోపించుట’ అని పన్నెండో పాఠం చేర్చాలట. వాస్తు ప్రకారం ఆ కాగితం ఎక్కడ పెట్టాలో సిద్ధాంతి గారు చూసి చెప్తారు.