ఉద్యోగం పోయిందని ముందు వైజాగ్‌లో చెప్పండి

అమెరికాలో ఉద్యోగం పోతే ఆ సంగతి వైజాగ్‌లో ఉన్న అమ్మానాన్నలకు చెప్పనివాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కొత్తగా వెళ్లిన కుర్రాళ్లు ఇంటికి ఫోన్ చేసి, కంపెనీని నాలుగు తిట్లు తిట్టి తేలికపడతారు. నలభై అయిదు దాటి డైరెక్టరో వైస్ ప్రెసిడెంటో అయినవాళ్లే దాస్తారు. ఆదివారం వీడియో కాల్‌లో "పని ఎక్కువగా ఉందమ్మా" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తారు. భార్య చేతో భర్త చేతో ఒట్టు వేయించుకుంటారు, పిల్లల చేత అబద్ధం ఆడిస్తారు. అలా దాచవద్దని, మొదటి వారంలోనే ఇంటికి చెప్పేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అమ్మానాన్నల మనసు కోసమే ఈ మాట అనడం లేదు. పెద్ద ఉద్యోగం మళ్లీ దొరకాలన్నా ఆ దాపరికమే అడ్డం పడుతోంది.

నేను అమెరికాలో చాలా ఏళ్లు కంపెనీలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం సీనియర్ పోస్టులే చూశాను. అమ్మకి తోడుగా ఉందామని లాసన్స్ బే కాలనీకి వచ్చేశాక రెండు వైపుల మాటలూ నా చెవిన పడుతున్నాయి. రాత్రి న్యూజెర్సీ నుంచో డాలస్ నుంచో ఫోన్ వస్తుంది: "అక్కా, ఎక్కడైనా ఖాళీ ఉందంటే చెప్పండి. మా ఇంట్లో మాత్రం అనకండి." పొద్దున్న బీచ్ రోడ్డులో నడుస్తుంటే వాళ్ల నాన్నగారే ఎదురవుతారు: "మావోడు ఈమధ్య సరిగ్గా మాట్లాడట్లేదమ్మా. ఏటో అయింది. నీకేమైనా తెలుసా?"

దాచడానికి కారణం నాకు అర్థమవుతుంది. మన నాన్నల తరానికి వైజాగ్‌లో ఉద్యోగమంటే పోర్టు, రైల్వే, షిప్‌యార్డు, డాక్‌యార్డు, రిఫైనరీ, ఆ తర్వాత స్టీల్‌ప్లాంటు. ఒకసారి లోపలికి వెళ్తే రిటైర్‌మెంటు రోజున మెడలో దండతోనే బయటికి. మధ్యలో ఉద్యోగం పోయిందంటే ఛార్జిషీటు, ఎంక్వైరీ, సస్పెన్షన్. ఏదో తప్పు చేసి ఉంటాడని క్వార్టర్లన్నీ అనుకునేవి. ఆ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు కంపెనీ ఎంత మర్యాదగా లేఆఫ్ అని ఉత్తరం ఇచ్చినా అది డిస్మిస్ లాగే తగులుతుంది.

కానీ ఆ నాన్నలు చూసింది అదొక్కటే కాదు. 2009లో చిట్టివలస జూట్ మిల్లు లాకౌట్ అయింది. 2012లో జింక్ స్మెల్టర్ మూతపడింది. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు చేతపట్టుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్లయిపోయినవాళ్లు గాజువాక చుట్టుపక్కల ఉన్నారు. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ ప్లాంటు కూడా 1990ల చివరికి నష్టాల్లో కూరుకుపోయింది, తేరుకుని 2010లో కేంద్రం నుంచి నవరత్న హోదా తెచ్చుకుంది, 2021 జనవరిలో దాన్ని అమ్మాలని కేంద్రం నిర్ణయించింది, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది వీఆర్ఎస్, అంటే స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కూడా వచ్చింది. తీసుకోవాలా వద్దా అని ఉక్కునగరంలో భార్యాభర్తలు కూర్చుని లెక్కలు వేసుకున్నారు. మంచి పనివాడికి కూడా ఉద్యోగం పోతుందని ఈ ఊరికి మనం కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

దాస్తే ఏమవుతుందో ఒక ఇంటి సంగతి చెబుతాను. మనుషులు ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను. తండ్రి వాల్తేరు రైల్వే డివిజన్‌లో చేసి రిటైరయ్యారు, అక్కయ్యపాలెంలో సొంతిల్లు. కొడుకు అమెరికాలో ఒక కంపెనీలో డైరెక్టరు. మధురవాడలో ఒక ఫ్లాట్ బుక్ చేశారు, వాయిదాలు నేను కడతానని కొడుకు మాటిచ్చాడు. కొన్నాళ్లకే అతని ఉద్యోగం పోయింది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేక, చేతిలో డబ్బు అయిపోయాక, రిటైర్‌మెంటు కోసం జీతంలోంచి దాచుకునే 401కె ఖాతాలోంచి తీసి వాయిదాలు పంపాడు. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకుండా అందులోంచి తీస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, మామూలు పన్ను మీద ఇంకో పది శాతం పెనాల్టీ పడుతుంది. ముసలితనానికి దాచుకున్న డబ్బు అలా కరిగిపోయింది. చివరికి ఒక పెళ్లిలో ఎవరో బంధువు నోటి నుంచి సంగతి బయటపడింది. ఆ పెద్దాయన నాతో అన్నారు: "డబ్బు లేదంటే ఫ్లాట్ వదిలేసుకునేవాళ్లం కదమ్మా. నా పెన్షన్ నాకొస్తోంది. మేం వాణ్ణి ఏం అడిగాం? అన్నాళ్లు ఒక్కడే కుమిలిపోయాడు, అదీ నా బాధ."

నన్ను ఇంకా బాధపెట్టిన విషయం మరొకటుంది. ఆ పెద్దాయన రోజూ వాకింగ్‌కి వెళ్లే స్నేహితుడి అల్లుడు అమెరికాలో అదే రంగంలో, మనుషుల్ని తీసుకునే స్థాయిలో ఉన్నాడు. నెలల తరబడి ఇద్దరు ముసలివాళ్లు పక్కపక్కనే నడిచారు. క్రికెట్ మాట్లాడుకున్నారు, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నారు. ఈ సంగతి మాత్రం రాలేదు, ఎందుకంటే చెప్పాల్సినాయనకే తెలియదు.

సీనియర్ పోస్టులు ఎలా భర్తీ అవుతాయో తెలిస్తే ఇది ఎంత పెద్ద నష్టమో అర్థమవుతుంది. ఇరవైమంది ప్రోగ్రామర్లు కావాలంటే ప్రకటన ఇస్తారు, వచ్చిన రెజ్యూమేలు వడబోస్తారు. డైరెక్టర్ స్థాయిలో పని అలా మొదలవదు. ముందు ఎవరికో ఒక తలనొప్పి ఉంటుంది. ఒక ప్రాజెక్టు ఏడాదిగా కదలట్లేదు, ఒక టీమ్‌లో అందరూ మానేసి వెళ్లిపోతున్నారు, కొత్త దేశంలో వ్యాపారం మొదలుపెట్టాలి. ఆ తలనొప్పి ఉన్న మనిషి తనకు నమ్మకమున్న నలుగురిని అడుగుతాడు: "ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా తెలుసా?" చాలాసార్లు పేరు ఒకటో రెండో వచ్చాకే ప్రకటన బయటికొస్తుంది.

అందుకే పోర్టల్స్‌లో దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, దేనికీ జవాబు రాక, తనలోనే ఏదో లోపముందని కుంగిపోయేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఆ మౌనాన్ని మీ పనితనం మీద తీర్పు అనుకోకండి. మీ కాగితం ఎవరూ తెరవకపోయి ఉండవచ్చు. లోపలి మనిషికి ఎప్పుడో ఖాయమైన పోస్టుకి నిబంధన కోసం ప్రకటన ఇచ్చి ఉండవచ్చు. నాలుగైదు రౌండ్ల ఇంటర్వ్యూలు అయ్యాక బడ్జెట్ ఆగిపోతే, ఆ మాట మీకు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. బల్లకు అవతల కూర్చుని ఇవన్నీ నేను చూశాను. కొంచెం చిన్న పోస్టుకి అడిగితే "మీకు అనుభవం ఎక్కువైంది" అంటారు. మంచి అవకాశం రాగానే వెళ్లిపోతాడేమోనన్న భయం అది. ఎందుకు వెళ్లనో మీరే ముందుగా, సూటిగా చెబితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఇంతకీ ఆ పేరు చెప్పే నలుగురు ఎవరు? మార్క్ గ్రానొవెట్టర్ అనే సమాజశాస్త్రవేత్త బోస్టన్ శివారులో, అప్పుడప్పుడే ఉద్యోగం మారిన ప్రొఫెషనల్స్‌ను, మేనేజర్లను అడిగి 1973లో ఒక వ్యాసం రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా, ఆ తెలిసిన మనిషిని అప్పుడప్పుడు, లేదా ఎప్పుడో అరుదుగా కలిసేవాళ్లమనే చెప్పారు. ప్రాణస్నేహితుడికి తెలిసిన కబుర్లు ఎలాగూ మనకీ తెలుస్తాయి. దూరపు పరిచయస్తుడు మనం తిరగని చోట్ల తిరుగుతాడు. 2022లో లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మంది మీద చేసిన పరిశోధన కూడా, మరీ దగ్గరివాళ్లకంటే ఒక మోస్తరు దూరపు పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా పనికొస్తున్నాయని తేల్చింది.

మనకు ఆ దూరపు పరిచయస్తులంటే ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో కింది బ్యాచ్‌వాళ్లు, మేనత్తగారి తోడికోడలి కొడుకు, సంక్రాంతి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న కొత్తాయన. వీళ్లందరికీ మనమే ఫోన్ చేసి చెప్పుకోవాలంటే నోరు రాదు. అమ్మకు వస్తుంది. మన ఊళ్లో అమ్మలు, నాన్నలు, పిన్నులు, బాబాయిలు కలిసి మోసే కబురు ఏ వెబ్‌సైటు కంటే దూరం వెళ్తుంది. ఇన్నేళ్లు పిల్లల పెళ్లి సంబంధాలన్నీ ఆ దారినే చూశాం కదా.

కబురుతో పాటు పుకార్లు కూడా వెళ్తాయని భయపడేవాళ్లకు ఒక్క సలహా. ఏం చెప్పాలో మీరే అమ్మకు చెప్పిపెట్టండి. "వాళ్ల కంపెనీలో ఆ విభాగం మొత్తం తీసేశారు. మావాడు ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్ చేసే పెద్ద టీమ్‌లు నడిపాడు. అలాంటి పని ఎక్కడైనా ఉందని తెలిస్తే చెప్పండి." ఎందుకు పోయింది, ఏం చేశాడు, ఏం కావాలి. ఎంపిక చేసే కంపెనీ కూడా ముందుగా అడిగేవి అవే. నాన్నకి బీపీ, అమ్మకి గుండె జబ్బు అంటారా, చెప్పే రోజున తోబుట్టువులో, నమ్మకమైన బంధువులో ఇంట్లో ఉండేలా చూసుకోండి. ముందు ఇల్లు ఎలా గడుస్తుందో చెప్పండి, ఆ తర్వాత ఉద్యోగం సంగతి చెప్పండి. పంపే డబ్బు తగ్గించాల్సి వస్తే ఆ అంకె కూడా అప్పుడే చెప్పేయండి. ఏమైందో తెలియక రోజూ టెన్షన్ పడేకంటే తెలిసి బాధపడటం పెద్దవాళ్ల ఆరోగ్యానికి నయమని నేను ఇక్కడ ఎన్నో ఇళ్లలో చూస్తున్నాను.

చెప్పుకోవడం వల్ల ఇంకో ఉపయోగం ఉంది. స్పెరా, పెన్నిబేకర్ అనే పరిశోధకులు తమ బృందంతో చేసిన ఒక ప్రయోగం 1994లో అచ్చయింది. ఉద్యోగం పోయిన అనుభవజ్ఞులైన ప్రొఫెషనల్స్‌లో కొందరి చేత వరుసగా అయిదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, మనసులో ఉన్నదంతా రాయించారు. ఇంకొందరి చేత మామూలు విషయాలు రాయించారు. నెలలు గడిచాక చూస్తే మనసులోది రాసినవాళ్లలోనే ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయి. అలాగని వాళ్లు ఎక్కువ ప్రయత్నాలేమీ చేయలేదు. ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇంటర్వ్యూలో పాత బాసు ప్రస్తావన రాగానే గొంతు బిగుసుకుపోయే మనుషుల్ని నేను చాలామందిని చూశాను. ఎంత పనిమంతుడైనా ఆ కోపం అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ఆ కోపం ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లకముందే ఎక్కడో ఒకచోట దిగిపోవాలి. కాగితం మీద అయినా సరే, అక్కయ్య దగ్గర అయినా సరే.

కాగితాల సంగతి కొంచెం చెప్పాలి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు గడువు. అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిసిపోతే ఆ తేదీయే లెక్క. ఈలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా మీరు స్టేటస్ మార్పుకి దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం వదలాలి. లాయరుతో మాట్లాడటం మొదటి రోజు పని. నలభై దాటినవాళ్లు సెవరెన్స్ కాగితం మీద, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు కొంత డబ్బిచ్చి రాయించుకునే ఒప్పందం మీద, వెంటనే సంతకం పెట్టేయకండి. వయసు వివక్ష కేసు వేసే హక్కు వదులుకోమని అందులో ఉంటే, ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు, ఒకేసారి కొంతమందిని తీసేస్తుంటే 45 రోజులు ఇవ్వాలని అక్కడి చట్టం. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు.

వైజాగ్ వచ్చేస్తే ఏదో ఒకటి దొరుకుతుంది కదా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించాక ఈ ఫోన్లు ఎక్కువయ్యాయి. మన ఊరికి అది గొప్ప విషయమే. అయితే డేటా సెంటర్లలో పెట్టుబడితో పోలిస్తే శాశ్వత ఉద్యోగాలు తక్కువ. అందులోనూ కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ తెలిసినవాళ్ల అవసరమే ఎక్కువ. అమెరికాలో సాఫ్ట్‌వేర్ టీమ్‌లు నడిపిన మనిషికి సరిపోయే పోస్టులు రుషికొండ ఐటీ పార్కులో ఇప్పటికైతే కొన్నే. రావాలనుంటే రండి, పెద్దవాళ్లు సంతోషిస్తారు. అక్కడ వెతకడం మాత్రం ఆపకండి.

ఇక మన సంఘాలు. అక్కడ ఎవరైనా కన్నుమూస్తే రాత్రికి రాత్రి చందాలు పోగుచేసి ఊరికి పంపే శక్తి మన తెలుగు సంఘాలకు ఉంది. ఉద్యోగం పోయిన మనిషిని మాత్రం తెలియకుండానే బయటికి నెట్టేస్తున్నాం. వేదిక మీద ప్రతివాళ్లనూ కంపెనీ పేరుతో, హోదాతో పరిచయం చేస్తాం. హోదా లేనప్పుడు ఆ మనిషి ఏ ముఖంతో వస్తాడు? అతనికి పనికొచ్చే పరిచయాలన్నీ ఆ హాల్లోనే ఉంటాయి, అతను ఇంట్లో ఉంటాడు. సభల్లో హోదాలు చదవడం మానేద్దాం. ఊరి పేరు చెబితే చాలు.

దాంతో పాటు సంఘం ప్రతి చాప్టర్‌లో, అంటే ప్రతి ఊరి శాఖలో, ఒక్క మనిషికి ఈ పని అప్పగించాలి. ఉద్యోగం వెతుకుతున్న సీనియర్లతో విడివిడిగా మాట్లాడాలి. వాళ్లు ఒప్పుకున్నాకే, వాళ్లు చెప్పమన్నంతే, ఏం చేశారో, ఏం కావాలో రెండు వాక్యాల్లో సభ్యులకు పంపాలి. రెజ్యూమే చూడటానికి, ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయించడానికి వైజాగ్ నుంచి నేను సిద్ధం. మీకు శనివారం ఉదయమంటే ఇక్కడ రాత్రి, ఆ వేళకు అమ్మ పడుకుంటుంది, నాకు ఖాళీయే. ఉగాది సభకు ముందే ఒక్క చాప్టర్ అయినా మొదలుపెడితే బాగుంటుంది.