దెయ్యాల సినిమాలు చూడనివాళ్ళకీ హారర్ కామెడీలు అర్థమవుతాయి

భయపెడుతూనే నవ్వించే హారర్ కామెడీల్లో, హారర్ సినిమాల మీద వేసే జోకులు వాటిని బాగా చూసినవాళ్ళకే అర్థమవుతాయని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. నేను హారర్ జోలికి పోని మనిషిని, ట్రైలర్ వస్తేనే ఛానెల్ మార్చేస్తాను. అయినా 2017లో వచ్చిన తెలుగు హారర్ కామెడీ 'ఆనందో బ్రహ్మ' హాయిగా చూశాను. మనుషులకి దెయ్యాలు భయపడటం అనే తలకిందుల పాయింటే సగం ధైర్యం ఇచ్చింది. వెన్నెల కిషోర్ పాత్రకి రేచీకటి, పైగా చెవుడు. దెయ్యం ఎదురుగా నిలబడి ఎంత అరిచినా ఏం లాభం? ఆ సీనుకి నవ్వడానికి పాత హారర్ సినిమాలేవీ చూసి ఉండక్కర్లేదు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, కిర్రుమనే తలుపు... ఇవన్నీ చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో పెద్దవాళ్ళు చెప్పిన కథల్లోనే మనకి వచ్చేశాయి. హాలీవుడ్‌లో 1996 నాటి 'స్క్రీమ్' కూడా అంతే. వీడియో షాపులో పనిచేసే కుర్రాడు హారర్ సినిమాలో బతికి బయటపడే రూల్స్ అందరికీ వినిపిస్తాడు, 'ఇప్పుడే వస్తా' అని మాత్రం అనకూడదట! తెలియనివాళ్ళకి పాఠం సినిమాలోనే దొరుకుతుంది కదా. కాకపోతే అందులో కత్తిపోట్లు నిజంగానే భయపెడతాయి, నాలాంటివాళ్ళు వేళ్ళ సందుల్లోంచి చూడాల్సిందే. నవ్వుల మధ్య టెన్షన్ వస్తే తట్టుకోగలను కానీ, మన కొన్ని హారర్ కామెడీల్లో సెకండాఫ్‌లో కామెడీ ఆపేసి గంభీరమైన ఫ్లాష్‌బ్యాక్ మొదలుపెడతారే, నాకు ఓపిక పోయేది అక్కడే.