విక్స్ ఇంగ్లీషు మందు అనుకుంటున్నారా? డబ్బా తిప్పి చూడండి

ఇంట్లో విక్స్ వేపోరబ్ డబ్బా ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవండి. మన దేశంలో అమ్మే డబ్బా మీద ఆయుర్వేద మందు అని ఉంటుంది. పన్ను గొడవలో ఇది ఆయుర్వేదమా కాదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కూడా. ఆయుర్వేదమే అని తేలింది. ఆదివారం బిర్యానీ ఎక్కువై కడుపుబ్బరంతో ఈనో కలుపుకుని తాగుతాం చూడండి, అదీ అంతే. అందులో ఉండేది ముఖ్యంగా వంటసోడా, నిమ్మ ఉప్పు. లైసెన్సు మాత్రం ఆయుర్వేదం.

ఇదెందుకు చెబుతున్నానంటే, మా చుట్టాల గ్రూపులో నెలకోసారి "నేచురల్ వర్సెస్ కెమికల్" యుద్ధం జరుగుతుంది. మా బాబాయి "ఇంగ్లీషు మందులన్నీ విషం, లివరు పోతుంది" అంటాడు. అన్నాక రాత్రి పడుకునే ముందు ఛాతీకి విక్స్ రాసుకుని "అబ్బ, ఇంగ్లీషు మందు ఇంగ్లీషు మందేరా" అని కూడా ఆయనే అంటాడు. ఫార్మసీ చదివిన మా మరిది "పసరు మందులు నమ్ముకుంటే అంతే సంగతులు" అంటాడు. తలనొప్పి వస్తే మాత్రం తను రాసుకునేది అమృతాంజనం. ఇద్దరూ పోట్లాడుకునేది డబ్బా ముందువైపు బొమ్మ చూసి. డబ్బు పెట్టి కొని మింగే మనకి కావాల్సిందేమో వెనకవైపు ఉంటుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, 1920 నుంచీ హైదరాబాదులో తయారవుతున్న జిందా తిలిస్మాత్, ఈ విక్స్, మూడూ దాదాపు ఒకే కుటుంబం. కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్), నీలగిరి తైలం లాంటివి అటూ ఇటూ పాళ్ళు మారుతూ కనిపిస్తాయి. జిందా తిలిస్మాత్ యునానీ, మిగతా రెండూ ఆయుర్వేదం. అదే విక్స్ అమెరికాలో మామూలు ఓటీసీ డ్రగ్, అంటే డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే మందు. అక్కడి డబ్బా మీద కర్పూరం 4.8 శాతం, మెంథాల్ 2.6 శాతం, నీలగిరి తైలం 1.2 శాతం అని లెక్కగా ఉంటుంది, రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని కూడా రాసి ఉంటుంది. డాలస్ నుంచి వచ్చిన మా వదిన సూట్‌కేసులోని డబ్బా చూశాకే నేను ఇక్కడి డబ్బా చదవడం మొదలుపెట్టాను. లైసెన్సు ఏదైనా కర్పూరం కర్పూరమే. చంటిపిల్లాడు నోట్లో పెట్టుకుంటే ఫిట్స్ రావచ్చు. దేవుడి గూట్లోది అయినా, డబ్బాలోది అయినా.

"నేచురల్ కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనే మాటంత హాయిగా అమ్ముడుపోయే అబద్ధం ఇంకోటి లేదు. అల్లోపతీ డాక్టర్ల మాట పక్కన పెట్టండి, ఆయుర్వేద మందుల చట్టమే ఆ మాట ఒప్పుకోదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఈ(1) అని ఒక జాబితా ఉంది. ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నల్లజీడి, పాదరసం లాంటివన్నీ అందులో ఉన్నాయి. ఇవి కలిసిన మందు లోపలికి తీసుకునేదైతే, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద హెచ్చరిక రాయాలి. శుద్ధి చేయకుండా వాడితే విషమని ఆయుర్వేద పండితులకి మనకంటే బాగా తెలుసు. తెలియనిది ఫార్వర్డ్ చేసేవాళ్ళకే.

కరోనా టైములో తిప్పతీగ గుర్తుందిగా? రోడ్డు పక్కన చెట్లకి పాకి ఎవరూ పట్టించుకోని తీగ, రాత్రికి రాత్రి బంగారమైపోయింది. పొద్దున్నే గ్లాసెడు కషాయం, కొన్ని ఇళ్ళలో సాయంత్రం మళ్ళీ ఇంకో గ్లాసు. 2020 చివర్లో ముంబైలో అది వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిందని డాక్టర్లు జర్నల్లో రాశారు. ఆయుర్వేదం లాంటి వైద్యాలు చూసే కేంద్ర ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, తీగని సరిగ్గా గుర్తుపట్టలేదేమో, దానిలాంటి వేరే తీగ వాడి ఉంటారేమో అంది. సరే, వాళ్ళ మాటే నిజమనుకుందాం. అప్పుడు నాకు ఇంకా భయం. డాక్టర్లే ఏ తీగో తేల్చలేకపోతే, సంతలో ఇరవై రూపాయలకి కట్ట కొనుక్కున్న మా పిన్నికి ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మోకాళ్ళ నొప్పుల పొడి దగ్గర. మా అత్తయ్యగారికి ఎవరో తెప్పించి ఇచ్చారు. ఊరు పేరు చెప్పను. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, మూత మీద స్కెచ్ పెన్నుతో "ఉ – సా" అని, అంతే. తయారీదారు పేరు లేదు, తేదీ లేదు, అందులో ఏముందో లేదు. మూడో రోజుకి ఆవిడ మెట్లెక్కి డాబా మీద వడియాలు పెట్టారు. ఇల్లంతా సంబరం. ఆకలి పెరిగింది, మొహం కాస్త నిండుగా అయింది, "ఒంటికి పట్టింది" అన్నారు. ఆ తర్వాత షుగర్ రీడింగు చూసి డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న: "ఏమైనా పొడులు వాడుతున్నారామ్మా?" కీళ్ళ నొప్పులకి నేచురల్ అని అమ్మేవాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు పేరు చెప్పకుండా కలపడం కొత్తేం కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2022లో ఆర్ట్రీ కింగ్ అనే సప్లిమెంట్ గురించి సరిగ్గా ఇదే హెచ్చరిక ఇచ్చింది. మా డబ్బాలో ఏముందో మేం టెస్టు చేయించలేదు, కాబట్టి ఫలానాదే కలిపారని అనను. కానీ ఆ అవకాశం డాక్టరుగారి నోటి వెంట వినగానే వచ్చిన టెన్షన్ మాత్రం మర్చిపోలేను. కెమికల్స్ వద్దని పారిపోయి, పేరూ మోతాదూ తెలియని కెమికల్ తినడం ఉంటుందే, అంతకంటే అన్యాయం ఇంకేముంది? స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. తింటున్నామని తెలిస్తే కదా జాగ్రత్తగా ఆపడానికి.

ఇక్కడిదాకా చదివి మా మరిది బ్యాచ్ ఈల వేస్తూ ఉంటారు. ఆగండి బాబూ, మీ దగ్గరికే వస్తున్నా.

మెడికల్ షాపు కౌంటరు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. "అన్నా, ఒళ్ళు నొప్పులు, కాస్త జ్వరం, ఏదైనా ఇవ్వు." ఆ అన్న సొరుగులోంచి ఒక స్ట్రిప్పు తీసి కత్తెరతో నాలుగు కట్ చేస్తాడు, ఇంకోదాంట్లోంచి నాలుగు, ఇంకోదాంట్లోంచి రెండు. అన్నీ చిన్న కాగితం కవర్లో వేసి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంటాడు. మందు పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చే ముక్క మీద "...మోల్ ట్యాబ్" అని సగం పదం. ఇదేనా మనం గొప్పగా చెప్పుకునే సైంటిఫిక్ వైద్యం?

ఆ కవర్లో ఏముంటుందో ఒక లెక్క వేద్దాం. జలుబు గోళీల్లో చాలావాటిలో 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. జ్వరానికని డోలో 650 విడిగా. ఒళ్ళు నొప్పులకని కాంబిఫ్లామ్, అందులో ఇంకో 325. మూడూ కలిపి రోజుకి మూడుసార్లు వేసుకుంటే 4,425 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకి రోజుకి పరిమితి 4,000. బరువు తక్కువున్నవాళ్ళకి, మద్యం తాగే అలవాటున్నవాళ్ళకి అంతకూడా ఎక్కువే. పారాసిటమాల్ మంచి మందు, రెండు రూపాయల్లో దొరికే మందు, మోతాదులో వాడితే దానంత నెమ్మదైనది తక్కువ. మూడు పేర్లతో ఒకే మందు మింగుతున్నామని చెప్పేవాడు ఆ కౌంటరు వెనకాల ఉండాలి కదా. గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఫార్మసిస్టుది. ఆ మనిషిని మాత్రం మా వీధిలో ఎవరూ చూసిన గుర్తు లేదు. అసలు మన చట్టంలో ఓటీసీ అని విడిగా ఒక జాబితానే లేదు. చీటీ లేకుండా దొరికేదల్లా ఓటీసీ అయిపోయింది, యాంటీబయాటిక్స్‌తో సహా.

దగ్గు సిరప్‌ల సంగతి ఎత్తాలంటేనే భయమేస్తోంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిపిల్లలు పోయారు, సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక విషం బయటపడింది. అది కల్తీ, సరే. కల్తీ లేని సిరప్ మాటేమిటి? జలుబుకి విరివిగా ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కాంబినేషన్ నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని 2023 డిసెంబరులోనే మన డ్రగ్స్ కంట్రోలర్ చెప్పారు. ఈ ముక్క ఎంతమంది తల్లులకి చేరింది? ఇక్కడ మాత్రం మా అమ్మమ్మ గెలిచింది. ఏడాది దాటిన పిల్లలకి దగ్గొస్తే చెంచాడు తేనె ఇవ్వమని పెద్ద పెద్ద ఆరోగ్య సంస్థలే చెబుతున్నాయి. ఏడాది లోపు మాత్రం వద్దు, బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు ప్రమాదం ఉంది. మరి "పుట్టగానే తేనె నాకించాలి" అనే అమ్మమ్మ ఇక్కడే ఓడిపోయింది కూడా. శొంఠి, మిరియాల కషాయం నేనూ కాస్తాను, గొంతుకి హాయిగా ఉంటుంది కాబట్టి. జలుబు తగ్గించిన ఘనత మాత్రం దానికి ఇవ్వను. దానంతటదే తగ్గేదాన్ని ఎవరు తగ్గించారని చెప్పుకున్నా చెల్లుతుంది, మందుల కంపెనీకైనా, కషాయానికైనా.

మోసం చేయాలనుకునేవాడికి నేచురల్, కెమికల్ పట్టింపు లేదు. విరేచనాలైనప్పుడు తాగించే ఓఆర్ఎస్ ద్రావణం కథే చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, కాస్త పొటాషియం, సిట్రేట్. మెడికల్ షాపుల్లోనే, పండ్ల బొమ్మలతో, పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న టెట్రాప్యాక్ డ్రింకులు ఏళ్ళ తరబడి అమ్మారు. విరేచనాలవుతున్న బిడ్డకి అంత చక్కెర పోస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ పాటు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని తేల్చింది. ఒక్క డాక్టరు వెంటపడితే గానీ కదలని వ్యవస్థ ఇది.

ప్రకటనల మీద నిఘా కూడా అంతే సంబడం. షుగరు నయం చేస్తాం, క్యాన్సర్ నయం చేస్తాం అని ప్రకటనలివ్వడాన్ని నిషేధించే చట్టం 1954 నుంచీ ఉంది. ఆయుర్వేద మందుల ప్రకటనలకి ముందే అనుమతి తీసుకోవాలని 2018లో రూల్ 170 తెచ్చారు. 2024 జులైలో ఆయుష్ శాఖే దాన్ని తీసేసింది, ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీసివేత మీద స్టే ఇచ్చింది, 2025 ఆగస్టులో ఆ కేసే మూసేయడంతో స్టే కూడా పోయింది. ఇవన్నీ జరుగుతున్నప్పుడూ టీవీలో పొద్దున ఆరింటికి "మూడు నెలల్లో షుగర్ మాయం" కార్యక్రమం ఆగలేదు.

నేను ఈ మధ్య షాపులో రెండే అడుగుతున్నాను. స్ట్రిప్పు మొత్తం ఇవ్వండి, బిల్లు ఇవ్వండి. "నాలుగు గోళీలకి బిల్లేంటి మేడమ్" అని మొహం చిట్లించాడు మొదట్లో. ఇప్పుడు నన్ను దూరం నుంచి చూడగానే బిల్లు పుస్తకం తీస్తాడు. ఆయుర్వేద షాపులోనూ అదే వరస: లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏముందో, ఎంత ఉందో. "ఇది మా తాతల నాటి రహస్యం అమ్మా" అంటే, తాతగారికి నమస్కారం పెట్టి బయటికి వచ్చేస్తాను.

ఈ పోస్టు చూసి ఇన్‌బాక్సులో మోకాళ్ళ మందు ఇచ్చే స్వామి నంబరు పంపాలనుకునేవాళ్ళు ముందు ఆ డబ్బా మీద లేబుల్ ఫోటో పంపండి. లేబుల్ లేకపోతే నంబరు మీ దగ్గరే ఉంచుకోండి.